వంపు తిరిగే రైలుకట్ట

మన కళాశాల విజ్ఞానశాస్త్ర సంఘంవారు ఒక నమూనా రైలుమార్గాన్ని నిర్మించాలని తలపెట్టిన సంగతి విద్యార్థులందరికీ తెలిసినదే. ఈ విషయమై కమిటీ పెద్దల ముందు ఇప్పుడు రెండు ప్రతిపాదనలు ఉన్నవి. అట్టడబ్బాలో సిద్ధంగా వచ్చే పట్టాలు, ఇంజను, నాలుగు రైలుపెట్టెలు కొని, వార్షికోత్సవం నాడు హాలులో రెండు బల్లలు కలిపి వాటిమీద పరచి, సాయంత్రానికి విప్పి బీరువాలో పెట్టడం మొదటిది. గ్రంథాలయం వెనుక మూతపడి ఉన్న గదిని ఇప్పించి, కొయ్యపని మొదలుకొని సమస్తం విద్యార్థులచేతనే చేయించి, ఏడాది పొడుగునా అక్కడనే ఉంచడం రెండవది. మొదటిదానికి ఖర్చు తెలుసు, తేదీ తెలుసు. రెండవదానికి రెండూ ఇంకా తేలలేదు. ఐనను మేము రెండవదాని పక్షమే వహిస్తున్నాము. పద్యాలు చెప్పుకొనే తెలుగు అధ్యాపకునికి రైలుపట్టాలతో పనేమిటని నవ్వేవారు నవ్వవచ్చు. నవ్విన తరువాత ఈ నాలుగు పుటలూ చదవాలని మాత్రం మా మనవి.

నమూనా రైలు అనగానే చూపరుల కన్ను ఇంజను మీదికి పోతుంది. ఆ తరువాత స్టేషను, సిగ్నలు దీపాలు, సొరంగం. పట్టాల క్రింద ఏమున్నదని అడిగేవారు అరుదు. నిజమైన రైలుకు పొలాల నడుమ మట్టి పోసి ఎత్తిన కట్ట ఎట్టిదో, నమూనా రైలుకు కొయ్యతోను, కార్కు బెండుతోను కట్టిన కట్ట అట్టిది. నేరుగా పోయే కట్టను ఎవరైనా కట్టగలరు. పలక ఒకటి పరచి, రసమట్టంతో సరిచూసుకొంటే చాలు. పని తెలిసినవాడెవడో, తెలియనివాడెవడో వంపు దగ్గర తేలుతుంది. నమూనా బండి పట్టా తప్పడం సాధారణంగా వంపులోనో, వంపు మొదలయ్యే చోటనో, పట్టాలు చీలే చోటనో జరుగుతుంది. కనుక వంపు తిరిగే కట్టను ఎట్లు కడతారన్నదే ఈ వ్యవహారంలో అసలు ప్రశ్న అని మా అభిప్రాయం. గది కావలెనా, బల్ల చాలునా అన్న తగవు కూడా అక్కడనే తీరుతుంది.

లెక్కలు కొన్ని చెప్పక తప్పదు. ప్రపంచంలో మిక్కిలి వాడుకలో ఉన్న హెచ్.ఓ. కొలతలో ప్రతి వస్తువూ అసలుదానిలో 87వ వంతు. పట్టాల నడుమ ఎడం 16.5 మిల్లీమీటర్లు. ఇది ఐరోపా, అమెరికాలలోని 1435 మిల్లీమీటర్ల మార్గానికి సరిపోయే కొలత. మన బ్రాడ్‌గేజి 1676 మిల్లీమీటర్లు కనుక న్యాయంగా నమూనాలో 19 మిల్లీమీటర్లకు పైగా ఉండాలి. అంగడిలో దొరికే పట్టాలమీద మన దేశపు బండిని నడిపినంతకాలం ఈ రాజీ తప్పదు. మాకు ఇది కొంత వెలితిగానే తోస్తున్నది. కాని ఇంజను చక్రాలతో సహా అన్నీ చేతితో చేసుకోనిదే దీనికి విరుగుడు లేదు, అంతదూరం పోవలెనని మేము కోరడం లేదు.

మన రైల్వేలవారు వంపును డిగ్రీలలో చెబుతారు. 1750ని ఆ డిగ్రీలతో భాగిస్తే వ్యాసార్ధం మీటర్లలో వస్తుంది. బ్రాడ్‌గేజిమీద 10 డిగ్రీలకు మించిన వంపు కూడదని నియమం. అనగా వ్యాసార్ధం 175 మీటర్లకు తగ్గరాదు. దానిని 87తో భాగిస్తే దాదాపు 2 మీటర్లు. అంతటి వంపును సగం వృత్తంగా తిప్పడానికే 4 మీటర్ల వెడల్పు కావాలి. అది మనకు అసాధ్యం, ఒప్పుకొంటాము. కాని డబ్బాలో వచ్చే వంపుముక్కలలో తరచు కనబడే వ్యాసార్ధం ఎంతో చూడండి: 18 అంగుళాలు, అనగా 457 మిల్లీమీటర్లు. అసలు కొలతలోనికి మారిస్తే 40 మీటర్లు. మన నియమంలో నాలుగవ వంతు కూడా కాదు. పాలసీసాలు మోసే చిన్న ఇంజనును, రెండు పొట్టి పెట్టెలను త్రిప్పడానికి ఆ వంపు చాలవచ్చు. మన ఊరి స్టేషనులో ఆగే బండిని త్రిప్పడానికి చాలదు.

ఎందుచేత చాలదు? పెరంబూరులోని ఐ.సి.ఎఫ్. కర్మాగారంలో 2018 వరకు తయారైన రైలుపెట్టె పొడవు 21.3 మీటర్లు. నమూనాలో 245 మిల్లీమీటర్లు. వాడుకలో మొత్తం పెట్టెనే మనం బోగీ అంటున్నాము కాని, నిజానికి పెట్టె క్రింద ముందొకటి, వెనుకొకటి ఉండి ఇటు అటు తిరిగే నాలుగు చక్రాల బండినే బోగీ అంటారు. భాష విషయంలో ఇటువంటి చిన్న అన్యాయాలు మా కంటికి ముందుగా కనబడతవి, క్షమించాలి. ఆ రెండు బోగీల నడుమ దూరం 14.8 మీటర్లు, నమూనాలో 170 మిల్లీమీటర్లు. బోగీలు పట్టాలమీద ఉంటవి; వాటి నడుమ పెట్టె నేరుగా, జ్యా వలె ఉంటుంది; కనుక పెట్టె నడిమి భాగం వంపు లోపలికి జరుగుతుంది. ఎంత జరుగుతుందన్నది ఇంటర్మీడియటు విద్యార్థి కట్టగల లెక్క. 170 వర్గాన్ని వ్యాసార్ధానికి ఎనిమిది రెట్లతో భాగించాలి. 457 మిల్లీమీటర్ల వంపులో దాదాపు 8 మిల్లీమీటర్లు, 750 మిల్లీమీటర్ల వంపులో 5 కంటె తక్కువ. పెట్టె పొడవుకు కనీసం మూడింతలు వ్యాసార్ధం ఉంటే బండి నమ్మకంగా తిరుగుతుందని ఈ విద్యలో చేయి తిరిగినవారి మాట. 245కు మూడింతలు 735. కనుక 750 మిల్లీమీటర్లు మనకు తగిన కొలత.

ఇప్పుడు బల్ల సంగతి. హాలులోని బల్లలు కలిపితే వచ్చే వెడల్పు నాలుగు అడుగులు, అనగా 1220 మిల్లీమీటర్లు. 750 వ్యాసార్ధంతో సగం వృత్తం తిరగాలంటే పట్టాల వెడల్పు, అంచు విడిచిపెట్టకుండానే 1500 కావాలి. బల్లమీద ఇమడదు. బల్లను వెడల్పు చేస్తే నడుమకు చేయి అందదు; అక్కడ పడిపోయిన బండిని ఎవరు లేవదీస్తారు? కనుక బల్లను వదలి గోడలను ఆశ్రయించాలి. గది నాలుగు గోడల వెంట రెండడుగుల వెడల్పున చట్రం కట్టి, నాలుగు మూలలా నాలుగు పావువృత్తాలు త్రిప్పి, తలుపు దగ్గర తీసిపెట్టే వంతెన ఒకటి అమర్చితే 750 వ్యాసార్ధం సుఖంగా ఇముడుతుంది. గది కావలెనని మేము అంటున్నామని కొందరు అపోహపడుతున్నారు. గదిని అడుగుతున్నది ఆ వంపు.

వ్యాసార్ధం కుదిరినంత మాత్రాన పని కాలేదు. నంద్యాల నుండి గిద్దలూరు వైపు నల్లమల కొండలలో పోయే బండిలో కూర్చున్నవారు గమనించే ఉంటారు: బండి వంపులోనికి ఒక్క పెట్టున దూకదు. ఎక్కడ నేరుదారి ముగిసినదో, ఎక్కడ వంపు మొదలైనదో చెప్పడం కష్టం. నేరుదారిని తిన్నగా వృత్తానికి అతికితే ఆ అతుకు దగ్గర బండిమీద ప్రక్కకు నెట్టే బలం సున్న నుండి ఒక్క క్షణంలో పూర్తిగా వచ్చి పడుతుంది. తలుపు దగ్గర నిలబడి టీ త్రాగేవాని చొక్కా తడుస్తుంది. అందుకనే రైల్వేలవారు నేరుదారికి, వృత్తానికి నడుమ క్యూబిక్ పారాబోలా అనే పరివర్తన వంపును వేస్తారు. దానిలో వంపు కొద్దికొద్దిగా పెరుగుతూ పోతుంది. నమూనాలో టీ త్రాగేవారు లేరు కాని, రెండు పెట్టెల కొక్కేలు ఉన్నవి. ముందు పెట్టె వంపులోనికి పోయి, వెనుక పెట్టె ఇంకా నేరుదారిమీదనే ఉన్న క్షణంలో ఆ కొక్కేలు ఒకదానినొకటి ప్రక్కకు లాగి చక్రాన్ని పట్టా ఎక్కిస్తవి.

డబ్బాలో వచ్చే ముక్కలతో ఈ పరివర్తన సాధ్యం కాదు. నేరుముక్క నేరుగానే ఉంటుంది, వంపుముక్క తన వంపులోనే ఉంటుంది. చేతితో కట్ట కట్టుకొన్నవానికే ఈ వెసులుబాటు. పరివర్తన పొడవు వర్గాన్ని, వ్యాసార్ధానికి 24 రెట్లతో భాగిస్తే, వృత్తాన్ని నేరుగీతకు ఎంత లోపలికి జరపాలో తెలుస్తుంది. 400 మిల్లీమీటర్ల పొడవు, 750 వ్యాసార్ధం తీసుకొంటే 1,60,000ను 18,000తో భాగించాలి. దాదాపు 9 మిల్లీమీటర్లు. ఒక బద్దకు ఒక కొనలో మేకు కొట్టి, 750 దూరాన పెన్సిలు పట్టే రంధ్రం చేసి త్రిప్పితే వృత్తం వస్తుంది. దానిని నేరుగీతకు తగలనీయక 9 మిల్లీమీటర్లు ఎడంగా గీయాలి. పిమ్మట సన్నని వెదురుబద్ద ఒకటి తీసుకొని, ఒక సగం నేరుగీత వెంట, ఒక సగం వృత్తం వెంట సన్న మేకులతో ఆనించాలి. నడుమ ఉన్న భాగాన్ని ఎవరూ ముట్టుకోనక్కరలేదు. బద్ద తనంతట తానే వంగి, గీయవలసిన గీతను చూపుతుంది. మా గణితశాస్త్ర సహాధ్యాపకులు ఒకరు సమీకరణంతో బిందువులు గుర్తించగా, రెండవ సంవత్సరపు విద్యార్థిని ఒకతె ఆ బిందువుల ప్రక్కన వెదురుబద్దను వంచి పెట్టింది. రెండింటికీ తేడా పెన్సిలు గీత మందం. ఆనాడు ఆ తరగతిలో వినబడిన నిశ్శబ్దం మేము మా పద్యపాఠాలలో ఎన్నడూ సాధించలేకపోయినది.

గీత గీసిన తరువాత కట్ట. దీనిని మూడు నాలుగు విధాల కట్టవచ్చు. 12 మిల్లీమీటర్ల ప్లైవుడ్‌ను గీత వెంట రంపంతో కోసి, క్రింద గుంజలమీద ఎత్తి నిలపడం ఒకటి. దీనికి చెక్క వృథా ఎక్కువ. పైగా రెండు వంపుముక్కలు కలిసే చోట క్రింద అడ్డుపలక వేసి బిగించకపోతే అక్కడ మోచేయి వంటి మలుపు ఏర్పడుతుంది. మాకు నచ్చినది రెండవ విధం. 3 మిల్లీమీటర్ల మందపు పొడుగాటి బద్దలను నిలువుగా పెట్టి, గుంజల వెంట వంచుతూ, ఒకదానికొకటి జిగురుతో అంటించి, ఉర్దూలో షికంజాలనే బిగింపులతో బిగించాలి. ఇటుకగోడలో వలె అతుకులు ఒకదాని ప్రక్కన ఒకటి రాకుండా చూసుకోవాలి. విడిగా ఒక్కొక్క బద్ద తన మునుపటి ఆకారానికి పోవాలని చూస్తుంది. పదిహేను బద్దలు కలిసి ఆరిన తరువాత ఏదీ కదలలేదు. పరివర్తన వంపు కూడా దానంతట అదే వస్తుంది, ఎందుకంటే వెదురుబద్ద చేసిన పనినే ఇక్కడ కొయ్యబద్దలు చేస్తున్నవి.

దీనిమీద 5 మిల్లీమీటర్ల కార్కు పరచాలి. చప్పుడు తగ్గడానికి, కంకర పోసిన కట్ట ఆకారం రావడానికి ఇది అవసరం. కార్కు పట్టీ వెడల్పు దాదాపు 45 మిల్లీమీటర్లు. దానిని నడిమికి నిలువునా చీల్చి రెండు సగాలుగా అంటిస్తారు. ఎందుకు చీల్చాలి? సగం వృత్తంలో వెలుపలి అంచు లోపలి అంచుకంటె 45ను 3.14తో గుణించినంత, అనగా 141 మిల్లీమీటర్లు పొడవు. చిత్రమేమంటే వ్యాసార్ధం ఎంతైనా ఈ తేడా మారదు. చీల్చని పట్టీని వంచబోతే వెలుపల చిరుగుతుంది, లేదా లోపల ముడతలు పడుతుంది. చీల్చిన సగానికి ఆ తేడా 71 మాత్రమే. పైగా రెండు సగాలూ మధ్యగీతకు ఆనుకొని వస్తవి కనుక గీత తప్పదు. ముడత పడిన చోట ఇసుకకాగితంతో రుద్ది చదును చేయాలి. వేలితో తడిమి చూస్తేనే ఆ ముడత తెలుస్తుంది, కంటికి కనబడదు.

వెలుపలి పట్టాను ఎత్తు చేసే విషయం త్వరగా చెబుతాము. 2 డిగ్రీల వంపులో, అనగా 875 మీటర్ల వ్యాసార్ధంలో, గంటకు 80 కిలోమీటర్ల వేగానికి లెక్క ప్రకారం దాదాపు 100 మిల్లీమీటర్ల ఎత్తు కావాలి. నమూనాలో అది ఒక మిల్లీమీటరుకు కొంచెం ఎక్కువ. పాత శుభలేఖల అట్టను రెండు మూడు పొరలుగా వెలుపలి అంచు క్రింద పెడితే సరిపోతుంది. నమూనా బండికి ఇది బలం కొరకు కాదు, అందం కొరకు. అందం ఎక్కువైతే పొడవైన బండి లాగుడుకు లోపలికి ఒరిగి పడుతుంది.

ఇక మేము ఈ వ్యాసం వ్రాయడానికి అసలు కారణం చెప్పాలి. సెలవులలో ఒకనాడు పదిమంది విద్యార్థులు వరండాలో రెండు గజాల నమూనా కట్టను ప్రయత్నంగా కట్టసాగారు. బద్దలు వంగక విరుగుతున్నవి. కళాశాలలో చేరినప్పుడు తండ్రి వృత్తి అన్నచోట ‘వ్యాపారం’ అని వ్రాసిన పిల్లవాడు ఒకడు కొంతసేపు దూరంగా నిలబడి చూసి, మాట్లాడక వెళ్లిపోయాడు. అరగంటలో తండ్రిని వెంటబెట్టుకొని వచ్చాడు. ఆయన ఫర్నిచరు పని చేసే మిస్త్రీ. చేతిలో రందా, ఒక రంపం. బద్దను ఎత్తి వెలుగులో ఒకసారి త్రిప్పి చూసి, “సార్, పిల్లలు రేఖకు అడ్డంగా కోసినారు. కొయ్య రేఖ వెంట కోస్తే గోలాయి వస్తది” అన్నారు.

“మిస్త్రీసాబ్, పలక మందంగా ఉంటేనో?” అని మేము అడిగాము.

“వెనుకవైపు రంపంతో వరుసగా గాట్లు పెట్టాలె సార్. గాట్లు ఎటుంటే అటు వంగుతది. గాటు గాటుకు దూరం ఒక్కటే ఉండాలె, లేకుంటే ఒక్కచోటనే విరుగుతది.”

పిమ్మట ఆయన కూర్చున్నారు. కొడుకు రందా పట్టాడు. ఆ పిల్లవానికి ఆ పని వచ్చునని రెండేళ్లుగా అతనితో ఒకే బల్లమీద కూర్చున్నవారికి తెలియదు. బల్లమీద డబ్బా విప్పి పరచే ప్రతిపాదనలో ఈ పిల్లవానికి చోటు ఎక్కడ ఉన్నదో కమిటీ పెద్దలు ఆలోచించాలి. మన విద్యార్థులలో కొయ్యపని, ఇనుపపని, మోటారు మరమ్మతు చేసే కుటుంబాలనుండి వచ్చినవారు కొద్దిమంది కారు. ఇంటివద్ద నేర్చినదానిని కళాశాల గేటు బయట విడిచిరావాలని వారికి ఎవరూ చెప్పలేదు. ఐనా విడిచి వస్తున్నారు. గాట్లకు గాట్లకు దూరం సమానంగా ఎందుకుండాలో భౌతికశాస్త్ర పాఠంలో చెప్పే అధ్యాపకునికి, ఆ గాట్లు పెట్టగల చేయికి ఇన్నాళ్లూ పరిచయం లేదు. ఆ పరిచయానికి ఒక గది కావాలి.

ఇది పిల్లల ఆట అనే ఆక్షేపణ ఉన్నది. అమెరికాలోని మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో 1946లో విద్యార్థులు ఇటువంటి రైలు సంఘాన్ని స్థాపించుకొన్నారు. వారికి దొరికిన చోటు పాలరాతి భవనం కాదు. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో తాత్కాలికంగా కట్టిన, ఇరవయ్యవ నంబరు అనే చెక్కభవనం. అది 1998లో కూలగొట్టేవరకు నిలిచింది. ఆ సంఘంలో కొందరికి కొండలు, ఇండ్లు చేయడం ఇష్టం. కొందరు బల్ల క్రింద దూరి తీగలతోను, టెలిఫోను రిలేలతోను బండ్లను నడిపే పద్ధతులు కట్టుకొనేవారు. ఆ రెండవ జట్టువారే తరువాత తమ విద్యాలయంలోని కంప్యూటర్లవైపు మళ్లారు. 1962లో స్పేస్‌వార్ అనే కంప్యూటరు ఆటను తయారుచేసినవారిలో ఈ రైలు సంఘంవారు ఉన్నారు. మన గదిలోనుండి అట్టివారు వస్తారని మేము వాగ్దానం చేయడం లేదు. ఆ విద్యాలయంవారు ఆటకు గది ఇచ్చి, తాళంచెవి విద్యార్థుల చేతిలో పెట్టారన్న విషయాన్ని మాత్రం గుర్తుచేస్తున్నాము.

మరియొక ఆక్షేపణ: కట్టతో సహా అచ్చుపోసిన పట్టాలు అంగడిలో దొరుకుతున్నవి, వాటిని కొంటే పోలేదా? దొరుకుతున్నవి, చక్కగా కూడా ఉన్నవి. ఇంటిలో పిల్లలకు కొనిపెట్టదలచినవారు అవే కొనాలి. మూడవ ఆక్షేపణ మార్కులది. విశ్వవిద్యాలయ పరీక్షలో దీనికి మార్కులు లేవు. నిజమే. నేటి విద్యార్థి కంప్యూటరు తెరమీద రైలుమార్గాన్ని గీయగలడు. తెరమీద బండి ఎన్నడూ పట్టా తప్పదు. కార్కు ముడతను వేలితో తడిమి చూడని కట్టమీద తప్పుతుంది, మార్కులు వేసే పని ఆ బండియే చేస్తుంది. సంఘానికి నాయకత్వం వహించే విద్యార్థులకు కూడా ఒక మాట: స్టేషనుకు రంగులు, దీపాలు ముందుగా కావాలని మీలో పలువురు కోరుతున్నారు. మొదటి ఆరు నెలలు చూపడానికి వట్టి కట్ట తప్ప మీ వద్ద ఏమీ ఉండదు. వార్షికోత్సవానికి వచ్చిన పెద్దలకు ఆ కట్టనే చూపండి. క్రిందికి వంగి బద్దలను చూసేవారు ఇద్దరున్నా చాలు.

ఖర్చు విషయంలో కమిటీవారు జంకనక్కరలేదు. మొదటి సంవత్సరం ఇంజను కొనవద్దు. ప్లైవుడ్, బద్దలు, జిగురు, ఒక రసమట్టం, డజను షికంజాలు, ఒక మూల వంపుకు చాలినంత కార్కు, పట్టాలు. తోయడానికి రెండు పెట్టెలు. చేతితో తోసిన పెట్టె వంపులో నిలిస్తే ఇంజను సంగతి రెండవ సంవత్సరం చూడవచ్చు. మిస్త్రీగారికి వచ్చిన ప్రతిసారి రోజుకూలి ఇవ్వాలి. అతిథి ఉపన్యాసకునికి ఇచ్చే మర్యాద, దక్షిణ ఆయనకూ చెల్లాలని మా పట్టుదల.

గ్రంథాలయం వెనుక గది కప్పు తూర్పుమూలలో కారుతున్నది. ప్లైవుడ్ తడి తాకితే ఉబ్బి పొరలు విడుతుంది, కొయ్య వానాకాలంలో అడ్డానికి పెరిగి వేసవిలో కుంచించుకొంటుంది, పట్టా లోహం అందుకు భిన్నంగా ఎండకు సాగుతుంది. కనుక కొయ్యకు అన్ని వైపులా రంగు వేయాలి, పట్టాల నడుమ సన్నని సందులు విడవాలి. ఈ పనులు విద్యార్థులు చూసుకొంటారు. కప్పు మరమ్మతు మాత్రం జూన్ వానలు రాకముందే కమిటీవారు చేయించాలి.